అడగని నీళ్ళు

ఆసుపత్రి, నాన్న మంచం పక్కన

అన్నయ్యా,

నాన్న బతికాడు. ముందు ఈ మాట చదివి, ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదువు. నిమోనియా తగ్గుముఖం పట్టిందని డాక్టరు చెప్పింది. పొద్దున్న కాసిని పాలు తాగి, మంచం కోడు ఊగుతోందని ఆయాని పిలిచి చూపించాడు. తన ఊపిరి సరిగ్గా ఆడకపోయినా ఈ వడ్రంగికి మంచం కోడు సంగతి కావాలి. కాబట్టి మన నాన్నే, అనుమానం లేదు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నన్ను సగంలో ఆపి ప్రార్థన మొదలుపెడతావు. ఇది ప్రార్థనకి ముందు చెప్పాల్సిన విషయం.

మంగళవారం మధ్యాహ్నం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "రావాల్సిన వాళ్ళని రమ్మనండి" అంది. నీకు కబురు చేశాను. వరదకి పట్టాలు మునిగి నీ రైలు సగం దారిలో ఆగి వెనక్కి మళ్ళింది. నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను. నాన్నకి స్పృహ లేదు. ఎండిపోయిన పెదవులు తడపడానికి గిన్నెలో నీళ్ళు, దూది పెట్టుకున్నాను. పెదవులు తడిపాను. తర్వాత నా చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది. మూడుసార్లు. తండ్రి పేర, కుమారుడి పేర, పరిశుద్ధాత్మ పేర. ఒక్క మాట తప్పు పోలేదు. ఎందుకు పోతుంది? మా పసిపిల్లల వార్డులో చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయిన మాటలు. బతకదనుకున్న బిడ్డకి, తల్లి అడిగితే, పాస్టరు వచ్చేదాకా ఆగకుండా నర్సులే బాప్తిస్మం ఇవ్వొచ్చని మాకు నేర్పింది నువ్వే. ఓ రబ్బరు బొమ్మని చేతుల్లోకి తీసుకుని చేసి చూపించావు కూడా.

అక్కడ తల్లి అడుగుతుంది. ఇక్కడ ఎవరూ అడగలేదు. అడగకపోవడమే కాదు, జీవితమంతా వద్దని చెప్పిన మనిషి. అమ్మ పోయేముందు చెయ్యి పట్టుకుని బతిమాలితే, "నీకోసం ఏదైనా చేస్తాను, ఇదొక్కటి తప్ప" అన్న మనిషి. ఆయనకి నోరు లేని సమయం చూసి ఆ పని కానిచ్చేశాను.

పోతాడనుకున్నాను అన్నయ్యా. పోయేవాడికి చేశాను. లేచి కూర్చుని మంచం కోడు గురించి మాట్లాడతాడని నేనేమన్నా కలగన్నానా?

ఇప్పుడు ఆయనకి చెప్పాలా వద్దా? నువ్వెలా చెప్తే అలా చేస్తాను. ఇలాంటి మాట నా నుంచి రావడం ఇదే మొదటిసారి, ఉత్తరం దాచుకో.

చెల్లి

*

చర్చి వెనక ఇల్లు

చెల్లికి, ప్రభువు నామంలో దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఎంత గట్టిగా అంటే, ఎవరో పోయారనుకుని మీ వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నువ్వు భయపడుతూ రాశావు, నేను సంతోషపడుతూ చదివాను. తప్పో ఒప్పో, జరిగింది అది. ఇన్నేళ్ళుగా ఊళ్ళో అందరి తండ్రుల కోసం ప్రార్థన చేస్తున్నాను. మన తండ్రి దగ్గరికి వచ్చేసరికి ఆమెన్ చెప్పి లేచిపోయేవాణ్ణి.

మా నియమం ప్రకారం పెద్దవాళ్ళు తమ నోటితో తాము ఒప్పుకోవాలి. లేకపోతే అవి ఉత్త నీళ్ళే. కానీ కృప మన నియమాలకి లోబడి ఉంటుందా? తప్పిపోయిన గొర్రెని కాపరి అనుమతి అడిగి భుజాన వేసుకోడు కదా.

నాన్నకి మాత్రం చెప్పకు. మనిద్దరి మధ్యలో పుట్టిన తమ్ముడి సంగతి నువ్వు విన్నావు, నేను చూశాను. చిన్నోడు వారం తిరక్కుండానే పోయాడు. అప్పట్లో మన ఊరి చర్చి పెద్ద పాస్టరుగారు వేరే ఊళ్ళో ఉండడంతో బాప్తిస్మం అందలేదు. ఆయన తిరిగొచ్చి, బాప్తిస్మం లేని బిడ్డని చర్చి ప్రహరీ లోపల పెట్టడానికి వీల్లేదన్నాడు. నాన్న తనే పెట్టె చేశాడు. ఒక్క మేకు కొట్టలేదు, అంతా జిగురుతోనే అతికించాడు. సుత్తి చప్పుడుకి వాడు ఉలిక్కిపడతాడన్నాడు. ఆ పెట్టె చంకలో పెట్టుకుని ప్రహరీ బయటికి నడిచాడు, నేను పార పట్టుకుని వెనకాల. మట్టి కప్పాక, "వాడిప్పుడు ఎక్కడున్నట్టండీ?" అని అడిగాడు. పెద్ద పాస్టరుగారు నీళ్ళు నమిలాడు. "సరే అయితే. వాడెక్కడుంటే నేనూ అక్కడే. నన్ను ఇంకెక్కడికీ పిలవకండి" అన్నాడు నాన్న.

ఆ తర్వాత ఆ చర్చికి బెంచీలన్నీ ఆయనే చేశాడు. పోయినవాళ్ళకి పెట్టెలూ చేశాడు. అన్నీ గుమ్మం దాకా మోసుకొచ్చి దింపేవాడు. అమ్మ పెట్టెని కూడా గుమ్మం దగ్గరే దింపి బయట నిలబడ్డాడు. అలాంటి మనిషికి, నీ ప్రమేయం లేకుండా నిన్ను లోపలికి తెచ్చేశామని ఎలా చెప్తాం? తెలియకుండానే రక్షణలో ఉండనీ. ఇది మన మధ్యే ఉంచు.

అన్నయ్య

*

ఇల్లు, పనిగది కిటికీ దగ్గర

అన్నయ్యా,

నాన్న గొర్రె కాదు. నువ్వు కాపరివి కాబట్టి నీకు అందరూ అలాగే కనపడతారు. సరే, పోనీ.

ఇంటికి తీసుకొచ్చాను. చెప్పలేదు. కానీ ఇక్కడ ఒకటి జరుగుతోంది, ఎలా రాయాలో తెలియడం లేదు.

పనిగదిలో కిటికీ కింద ఉండే చిన్న పీట నీకు గుర్తుందా? నాన్న రోజూ పని ముగించేముందు ఒక చెక్కముక్కని చిత్రిక పట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, ఆ పీట మీద పెట్టేవాడు. "ఇదిగోరా చిన్నోడా" అనేవాడు. పొద్దున్నకి అది కింద పడి ఉండేది. ఒక్కోసారి గది అవతలి మూలకి పోయి ఉండేది. "ఆడుకున్నాడు" అనేవాడు నాన్న. "పిల్లి" అనేది అమ్మ. నేను పుట్టినప్పటినుంచీ ఉన్న వ్యవహారం కనక నాకెప్పుడూ వింతగా అనిపించలేదు. వేరే ఇళ్ళలో గడియారానికి కీ ఇస్తారు, మన ఇంట్లో పీట మీద ముక్క పెడతారు, అంతే అనుకునేదాన్ని.

ఇప్పుడు ముక్క కింద పడడం లేదు.

ఇంటికి వచ్చిన మర్నాడే నాన్న గోడ పట్టుకుని పనిగదిలోకి వెళ్ళి ముక్క పెట్టి వచ్చాడు. తెల్లారి చూస్తే పెట్టింది పెట్టినచోటే ఉంది. "ఇన్నాళ్ళు గది మూసేశాం కదా, అలిగుంటాడు" అన్నాడు, నవ్వుతూనే. తర్వాత రోజూ అంతే. పీటని కిటికీకి దగ్గరగా జరిపి చూశాడు. మెత్తటి చెక్క పెట్టి చూశాడు. నిన్న, ఊపిరి అందకపోయినా మధ్యాహ్నమంతా కూర్చుని, గుండ్రంగా బంతి చెక్కి పెట్టాడు. బంతి కదా, గాలికైనా దొర్లాలి. దొర్లలేదు.

ఇంకొకటి. నుదురు తుడుచుకుంటున్నాడు. చెమట ఉండదు, తడి ఉండదు. అన్నం తింటూ ఆగి, మోచేత్తో నుదురు తుడుచుకుంటాడు. ఏంటి నాన్నా అంటే, "ఏదో అంటుకున్నట్టుందే, పోవడం లేదు" అంటాడు. నేను గిన్నెలు సర్దే వంకతో లేచి వెళ్ళిపోతున్నాను.

ఉత్త నీళ్ళే అని రాశావు. ఉత్త నీళ్ళయితే చిన్నోడు రావడం ఎందుకు మానేశాడు?

చెల్లి

*

చర్చి వెనక ఇల్లు

చెల్లీ,

భయపడకు. అమ్మ చెప్పిన పిల్లి మునిమనవరాలెవరో ఇప్పుడు పక్కింటి పాలు మరిగి ఉంటుంది. జ్వరం తగ్గాక చర్మం అలాగే చిటపటలాడుతుంది, నర్సువి, నేను చెప్పాలా నీకు? పోయిన పిల్లలు చెక్కముక్కలతో ఆడుకోరు. ఇది పాస్టరుగా చెప్తున్నాను. అన్నగా అడిగితే మాత్రం, ఆ గదిలో నేనెప్పుడూ ఒంటరిగా కూర్చోలేదు. కూర్చోలేకపోయాను.

ఇంకో సంగతి, ఎలాగూ నీకు తెలుస్తుంది. పోయిన ఆదివారం ఆరాధనలో ఉండబట్టలేక సాక్ష్యం చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు, "నా సొంత తండ్రి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. మా సంఘపెద్ద ఒకాయన సంబరం ఆపుకోలేక, మీ ఊరి చర్చి పాస్టరుకి ఉత్తరం రాసేశాడట, నాన్నని సంఘంలో చేర్చుకోమని. ఆయన ఇంటికి రావచ్చు. కోప్పడకు.

అన్నయ్య

*

ఇల్లు

అన్నయ్యా,

మన మధ్యే ఉంచు అన్నది నువ్వే. మన మధ్య అంటే నువ్వు, నేను, నీ చర్చి మొత్తం అని నాకు తెలియలేదు. ఊపిరి ఆడక పడున్న మనిషికి నేను దొంగచాటుగా చేసిన పనికి చప్పట్లు కొట్టించావు. ఇంతకన్నా రాస్తే మాట తూలుతాను.

ఆ పాస్టరు వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని అభినందనలు చెప్పేలోపు నేనే చెప్పాలనుకున్నాను. చెప్పేశాను.

పనిగదిలో పీట ముందు కూర్చుని ఉన్నాడు. బంతి పీట మీదే ఉంది.

"నాన్నా, ఆస్పత్రిలో నీకు స్పృహ లేనప్పుడు నేను నీకు బాప్తిస్మం ఇచ్చాను."

చెయ్యి నుదుటి దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశాడు.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

"అడిగితే వద్దనేవాణ్ణి."

"తెలుసు."

"తెలిసే చేశావు."

"పోతావనుకున్నాను నాన్నా. ఒక్కడివే ఎక్కడికో పోతావని భయమేసింది."

"ఒక్కణ్ణి ఎందుకవుతానే? వాడు లేడూ." పీట వైపు చూశాడు. "ఇందుకా రావడం మానేశాడు. నాన్న చర్చి గోడ లోపలికి వెళ్ళిపోయాడు, నన్ను బయట వదిలేశాడు, అనుకోడూ మరి?"

తిట్టలేదు అన్నయ్యా. తిడితే బాగుండేది. అంత మనిషి, పసివాడికి ఇచ్చిన మాట తప్పినవాడిలా తల దించుకుని కూర్చున్నాడు. ఆయన తప్పలేదు, నేను తప్పించాను.

సాయంత్రం టీ ఇస్తే అందుకుని, "మీ అన్నకి రాయి" అన్నాడు. నోటితో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నేను అడగలేదు. పైగా వద్దన్నాను. అయినా ఆ నీళ్ళు నాకు పనిచేశాయంటే, అడగడానికి నోరే లేని చిన్నోడికి నీళ్ళు లేకుండానే పని జరగాలి. వాడు వద్దని కూడా అనలేదు కదా. లేదూ, అడగందే పనిచెయ్యదంటే, నామీద పోసింది ఉత్త నీళ్ళు. అప్పుడు వాడూ నేనూ ఇద్దరం బయటే. ఇద్దరం లోపల, కాదంటే ఇద్దరం బయట. ఏదో ఒకటి తేల్చి చెప్పమను. ఒకడు లోపల ఒకడు బయట అని మాత్రం నాకు చెప్పొద్దను. పెద్దాడు జవాబు రాసేదాకా నేను పీట మీద ముక్క పెట్టను. ఏ మొహం పెట్టుకుని పెట్టను?"

రాయి. నీళ్ళు నమలకుండా రాయి.

చెల్లి

*

చర్చిలో, వెనక బెంచీ

చెల్లీ,

సాక్ష్యం చెప్పడం తప్పు. ఈ ఆదివారం అందరి ముందూ నిలబడి వెనక్కి తీసుకున్నాను. ఈసారి చప్పట్లు లేవు. ఆ సంఘపెద్దే లేచి, "అయితే మీ నాన్నగారు రక్షణలో ఉన్నట్టా లేనట్టా?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా పాట ఎత్తించాను. ఆ రోజు పెద్ద పాస్టరుగారు నమిలిన నీళ్ళే నేనూ నమిలాను.

పుస్తకాలన్నీ తిరగేశాను. నాకు చదువు చెప్పిన పెద్దాయన దగ్గరికి వెళ్ళి నాన్న ప్రశ్న అడిగాను. "మీ తండ్రిగారు తెలివైనవారు" అని నాకు ఇంకో కప్పు కాఫీ పోశాడు. వద్దనే స్వేచ్ఛ లేకపోతే మనిషి ప్రేమకి విలువేముంది అని ఒక ఆదివారం చెప్తాను. మనం అడిగేదాకా కృప ఆగదు అని ఇంకో ఆదివారం చెప్తాను. రెండూ నమ్మే చెప్పాను. ఆ రెండు ఆదివారాలూ మన ఇంట్లోనే ఎదురుపడి కొట్టుకుంటాయని అనుకోలేదు.

నాన్నకి ఇది చదివి వినిపించు: "చిన్నోడు లేని చోటు ఎంత గొప్పదైనా నాకూ వద్దు నాన్నా."

అన్నయ్య

*

ఇల్లు

అన్నయ్యా,

రెండుసార్లు చదివించుకున్నాడు. "అది నా మాట. నా మాట నాకే పంపిస్తాడేం? వాడి మాట చెప్పమను" అన్నాడు.

ఉలి ముట్టుకోవడం లేదు. పీట ఖాళీగా ఉంది, బంతి కూడా తీసి బల్ల సొరుగులో పెట్టేశాడు. పుట్టిన దగ్గర్నుంచీ పొద్దుపోయాక ఆ పీట ఖాళీగా చూసి ఎరగను, ఆ గది ఊడవడం కూడా మానేశాను. ఇక్కడి పాస్టరు వచ్చాడు. నాన్న నిద్రపోతున్నాడని చెప్పి గుమ్మంలోంచే పంపేశాను. మంచివాడే, పాపం, గుమ్మం దాటకుండా వెళ్ళిపోయాడు.

తొందరగా రాయి.

చెల్లి

*

చర్చి వెనక ఇల్లు

నాన్నా,

ఇది నీకే. చెల్లి చదివి వినిపిస్తుంది.

నాకు తెలియదు. చిన్నోడు ఎక్కడున్నాడో తెలియదు. నీ మీద పడ్డ నీళ్ళు పనిచేశాయో లేదో తెలియదు. ఆ రోజు పార పట్టుకుని నీ వెనకాల నడుస్తూ, పెద్దయ్యాక ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవాణ్ణి అవ్వాలనుకున్నాను. అందుకే ఈ పనిలోకి వచ్చాను. ఎన్నో సమాధుల దగ్గర నిలబడి తెలిసినట్టే చెప్పాను, వాళ్ళకి ఓదార్పు కావాలి కదా అనుకుని. నీకు అలా చెప్పలేను.

కానీ రోజూ అడుగుతున్నాను నాన్నా. పేరు పెట్టకముందే పోయాడు, కాబట్టి "మా చిన్నోడు" అనే అడుగుతాను. వినేవాడున్నాడని నమ్మి అడుగుతాను. ఒక్కోరోజు ఆ నమ్మకం కూడా ఉండదు, అయినా అడుగుతాను. నా మాట ఇదే. ఇంతకన్నా నా దగ్గర లేదు.

వచ్చే శనివారం వస్తున్నాను.

నీ పెద్దాడు

*

ఇల్లు, వరండా

అన్నయ్యా,

నువ్వు బయల్దేరేలోపు ఇది అందితే చాలు.

నీ ఉత్తరం విని నాన్న కళ్ళు తుడుచుకున్నాడు, నుదురు కాదు. "ఆ పెద్ద పాస్టరు ఆ రోజు గోడ దగ్గర ఈ ఒక్క మాట చెప్పుంటే, ఆయన భుజం మీద పడి ఏడ్చేవాణ్ణి. నమిలాడు" అన్నాడు. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, "పెద్దాడు రోజూ అడుగుతున్నాడట. నేనెప్పుడూ అడగలేదే. పంతం పట్టుకుని కూర్చున్నాను గానీ, వాడికోసం ఒక్కసారి కూడా అడగలేదు" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం పనిగదిలోంచి చిత్రిక చప్పుడు వినిపించింది. వెళ్ళేసరికి కొత్త ముక్క తయారు చేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గిన్నెలో నీళ్ళు తెమ్మన్నాడు.

"ఆ మాటలు చెప్పు, నీ వెనకాల అంటాను."

"నీకా నాన్నా?"

"వాడికి. నాకు నువ్వు పోసినప్పుడు అడిగింది నువ్వు, నేను కాదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. స్పృహలో ఉండి, ఎవరూ బతిమాలకుండా."

ఎవరికీ లేని ఆచారం ఇది, నాకు తెలుసు. నీ పుస్తకాల్లో దీనికి చోటుండదు. చెప్పాను. బొటనవేలు నీళ్ళలో ముంచి, నున్నటి చెక్క మీద మూడుసార్లు అద్దాడు. తడిస్తే పోగులు లేచి నునుపు పోతుందని, చిత్రిక పట్టిన చెక్క దగ్గరికి నీళ్ళ చెంబు కూడా రానివ్వని మనిషి. నీకూ నాకూ ఎన్ని తిట్లు పడ్డాయో గుర్తుందిగా. మాటలు తడబడ్డాయి, రెండుసార్లు మొదటికి వచ్చాడు. తర్వాత ముక్కని పీట మీద పెట్టి, "ఇదిగోరా చిన్నోడా. నేను అడగాల్సింది అడిగాను" అన్నాడు. బయటికి వచ్చి తలుపు గొళ్ళెం పెట్టాడు.

"మరి నీ సంగతి?" అని అడిగాను.

"నా సంగతి నేను చెప్తాను, చెప్పాలనిపిస్తే, నా నోటితో. తొందరపెట్టొద్దు."

"మళ్ళీ స్పృహ తప్పితే?"

"ఈసారి దూది పెదాల దగ్గరే ఆపు."

ఇద్దరం నవ్వాం. ఆస్పత్రి నుంచి వచ్చాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

ఇవాళ పొద్దున్నే పనిముట్లు వరండాలోకి తెచ్చుకుని పని మొదలుపెట్టాడు. పనిగది వైపు వెళ్ళలేదు. "ముక్క కింద పడిందో లేదో చూడవా?" అన్నాను. "చూడను. చూస్తే అడిగినట్టుండదే, నిలదీసినట్టుంటుంది" అన్నాడు.

నా సంగతి నీకు తెలుసు. పొయ్యి మీది కూర మూత పదిసార్లు తీసి చూడందే ఊరుకోలేను. ఆయన చిత్రిక పడుతుంటే మెల్లగా లోపలికి వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేశాను. లోపల చడీ చప్పుడూ లేదు. ముక్క పీట మీదే ఉంటే ఏమిటి, కింద ఉంటే ఏమిటి, ఏది చూడాలని కోరుకుంటున్నానో నాకే తెలియలేదు. వరండాలో చిత్రిక ఆగింది.

"తియ్యాలనుంటే తియ్యి" అన్నాడు నాన్న, అక్కణ్ణుంచే. "నేను వద్దనను. నీ ఇష్టం."

అన్నయ్యా, నాకు ఏడుపు ఆగలేదు. ఆ మంగళవారం నేను ఆయనకి ఇవ్వాల్సిన మాట అది. ఇవ్వలేదు. గొళ్ళెం మీంచి చెయ్యి తీసేసి, వచ్చి ఆయన పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను.

శనివారం వస్తావుగా. నీ పక్క ఎప్పట్లాగే పనిగది పక్క గదిలో వేస్తాను. పనిగది తలుపుకి తాళం లేదు, గొళ్ళెమే. నీ ఇష్టం.

చెల్లి